బొత్తాంకి మర్యాద నేర్పిన నెల

మా ఇంటికి ముద్ర కొట్టిన ఉత్తరం రావడం అదే మొదటిసారి. అది కూడా కుక్క గురించి వచ్చింది.

"నాలుగో అంతస్తు ఎడమవైపు ఇంటిలోని శునకము ప్రతిదినము మధ్యాహ్నపు వేళ అదుపు లేకుండా మొరుగుచున్నందున..." అని మొదలైంది. కింద మా భవనం సంఘం ముద్ర, పక్కనే సెక్రటరీగారి సంతకం. ఆ సంతకం ఎంత పెద్దదంటే, కుక్క దానిమీద హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. మొత్తమ్మీద విషయం ఏమిటంటే, నెల రోజులు గడువు. ఈలోగా శునకమునకు తగిన శిక్షణ ఇప్పించాలి. నెలాఖరు ఆదివారం ఆయనే స్వయంగా మా ఇంటికొచ్చి పరీక్ష చేస్తారు. తప్పితే శునకము భవనం వదిలిపోవాలి.

పరీక్షలంటే నాకు ముందు నుంచీ పడదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. నా పరీక్షలు ఎగ్గొట్టినందుకు ఇప్పుడు కుక్క తరఫున రాయాల్సి వచ్చింది.

బొత్తాం అంటే రెండు దోసిళ్ళ కుక్క. తెల్లటి బొచ్చు మధ్యలో నల్లటి ముక్కు, చొక్కాకి కుట్టిన బొత్తాంలాగా ఉంటుంది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పోయినేడాది ఎవరింటికో పనికి వెళ్తే, వాళ్ళు ఊరు మారుతూ, "మీకు పాప ఉందిగా, తోడుగా ఉంటుంది" అని దీన్ని అంటగట్టారు. మా ఆయనకి ఎవరేం ఇచ్చినా వద్దనడం చేతకాదు. మా అదృష్టం బాగుండి వాళ్ళు ఒంటెను పెంచుకోలేదు.

నేను పొద్దున పది నుంచి రెండింటిదాకా కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఫ్రేములో అద్దం బిగించడం, వదులైన మరలు తిప్పడం, ముక్కు మీంచి జారకుండా కాడలు వంచడం. పెద్ద ఉద్యోగమేమీ కాదు. కానీ రోజంతటిలో నా భుజం మీద ఎవరూ పాలు కక్కని నాలుగు గంటలు అవే. మర తిప్పుతున్నంతసేపు నా చేతులు వణకవు. ఇంట్లో అయితే పాప తుమ్మినా నాకు గుండెల్లో రాయి పడుతుంది.

ఆ నాలుగు గంటలూ పద్నాలుగు నెలల మా పాపను అత్తయ్య చూసుకుంటుంది. అత్తయ్యకు చెవులు వినపడవు. ఇప్పుడు రాస్తున్నాను గానీ, మా ఇంట్లో ఈ మాట పైకి అనకూడదు. ఆవిడ లెక్కలో ఆవిడ చెవులు లక్షణంగా ఉన్నాయి, లోకమే గొణగడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని గట్టిగా అంటే అందుతుంది. గోడ అవతల పిడుగు పడినా అందదు. చెవి మిషన్ కూడా కొనిపెట్టాం. ఒక్కపూట పెట్టుకుని, "ఇందులో ఈల తప్ప ఏమీ రావట్లేదు" అని తీసి బీరువాలో పడేసింది. కళ్ళు కనపడవని చెప్పుకోవడానికి జనం రంగురంగుల ఫ్రేములు ఏరుకుంటారు, రోజూ చూస్తుంటాను. చెవుల దగ్గరికొచ్చేసరికే ఎక్కడలేని పరువూ అడ్డం వస్తుంది.

మరి పాప లోపలి గదిలో నిద్రలేచి ఏడిస్తే? అక్కడే బొత్తాం పనికొచ్చేది. పాప గొంతు వినపడగానే అది ముందుగదిలోకి పరుగెత్తి, అత్తయ్య ఎదురుగా నిలబడి, ఆవిడ తలెత్తేదాకా మొరుగుతుంది. ఎవరూ నేర్పలేదు. దానికి ఏడుపంటే చిరాకు, అంతే. ఈ సంగతి నేను కనిపెట్టిన రోజే దుకాణం మేడమ్‌తో పనికి వస్తానని చెప్పాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, నా ఉద్యోగం కుక్క గొంతు మీద నిలబడి ఉంది. ఆ గొంతు నొక్కమని ముద్ర కొట్టి మరీ పంపించారు.

అత్తగారు పాప గదిలోనే కూర్చోవచ్చు కదా అంటారేమో. అదీ చూశాం. ఆవిడ చేసే చప్పుడు ఆవిడకు తెలియదు. ఊలు అల్లే సూదులు టకటకలాడిస్తుంది, గట్టిగా నిట్టూరుస్తుంది, ఎప్పుడో చచ్చిపోయిన బంధువును గుర్తుచేసుకుని తిడుతుంది. ఆవిడ గదిలో ఉంటే పాప కాదు, రాతిబొమ్మ కూడా పడుకోదు.

ఉత్తరం చదివి మా ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. కంగారుపడే పని ఇంట్లో నాకొక్కదానికే అప్పజెప్పారు. ఆయన లిఫ్టులకు వాడే సర్వీసు కార్డు ఒకటి తెచ్చి, కుక్క బుట్ట పైన గోడకి అంటించాడు. మొదటి వారం, కూర్చోవడం. రెండో వారం, షేక్‌హ్యాండ్. మూడో వారం, చెప్పులు తేవడం. నాలుగో వారం, లైటు ఆర్పడం.

"స్విచ్చి దాని ఎత్తుకి పదింతలుంది కదండీ," అన్నాను.

"ఫోనులో చూశాను. కుక్క ఎగిరి ఆర్పేసింది."

"ఆ కుక్క దూడంత ఉంది."

"సైజులో ఏముందే? అంతా శిక్షణలో ఉంటుంది."

ఈ మాటన్నది ఎవరనుకున్నారు? ఆరుగురు పట్టే లిఫ్టులో ఏడోవాడు ఎక్కితే కొట్టినంత పనిచేసే మనిషి.

"మరి మొరగకుండా ఉండటం ఏ వారంలో ఉంది?" అని అడిగాను.

కార్డు పైనుంచి కిందికి చూశాడు. లేదు. పెన్ను తీసి అడుగున 'ఇతరములు' అని చేర్చాడు.

అత్తయ్య ఊలు ఉండలోంచి తలెత్తి, "ఏంట్రా ఆ గోడమీద?" అంది.

"బొత్తాంకి మర్యాద నేర్పుతున్నామమ్మా!" అని ఆయన ఆవిడ పక్కకెళ్ళి అరిచాడు.

"అరవకు, వినపడుతోంది. ముందు మనుషులకు నేర్పు, తర్వాత దానికి నేర్పుదువుగాని."

మొదటి మూడు వారాలూ మా ఆయనకి మధ్యాహ్నం డ్యూటీ పడింది. ఒంటిగంటదాకా ఇంట్లోనే ఉండేవాడు. అది నా అదృష్టమనుకున్నాను. అదృష్టం ఎప్పుడూ ముఖం కడుక్కుని అందంగానే వస్తుంది.

మొదటి వారం కుక్కను కూర్చోమన్నాడు. అది నిలబడింది. కాసేపటికి అలిసిపోయి అదే కూర్చుంది. టిక్కు పెట్టాడు. రెండో వారం షేక్‌హ్యాండ్ మాత్రం నిజంగానే వచ్చింది. రావడమేంటి, అదొక రోగంలా పట్టుకుంది. గ్యాస్ తెచ్చినాయన దగ్గర్నుంచి గోడ దాకా అందరికీ కాలు చాపేది. చెప్పులు తెమ్మంటే తెచ్చింది, కానీ సగమే తెచ్చింది. మిగతా సగం దాని కడుపులో ఉందేమోనని నేను రెండు రోజులు దాని వెనకాలే తిరిగాను.

ఇక 'ఇతరములు'. పాప లేచి గొంతు సవరించుకోగానే, కుక్క నోరు తెరిచేలోపు మా ఆయన దాన్ని చాప మీద కూర్చోబెట్టి, నోట్లో బిస్కెట్ పెట్టి, తనే వెళ్ళి పాపను ఎత్తుకునేవాడు. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. ఇరవై రోజులకి ఏమైందంటే, పాప ఏడుపు వినపడగానే బొత్తాం నోరు మెదపకుండా వెళ్ళి చాప మీద కూర్చుని బిస్కెట్ కోసం తలుపు వైపు చూసేది. లిఫ్టులో ఎదురుపడి సెక్రటరీగారు, "మార్పు కనిపిస్తోందమ్మా" అన్నారు. మా ఆయన ఆ రోజంతా ఇంట్లో ఛాతీ ముందూ, తను వెనకా తిరిగాడు. నేను కూడా సంతోషించాను. కుక్క మొరగడం మానేస్తే అత్తయ్యకు చెప్పేదెవరు అన్న చిన్న ప్రశ్న నా బుర్రకి తట్టలేదు. రోజూ వందరకాల ఆపదలు ఊహించుకునే బుర్ర ఇది. పైకప్పు ఫ్యాన్ ఊడి పడటం, పాప చెవిలో చీమ దూరడం, భూకంపం, అన్నీ తడతాయి. జరగబోయేది మాత్రం తట్టదు.

నాలుగో సోమవారం ఆయన పొద్దుటి డ్యూటీకి మారాడు.

రెండుంబావుకి నేను తాళం తీసుకుని లోపలికొచ్చాను. ముందుగదిలో అత్తయ్య సాక్సు మడమ దగ్గర కుట్లు లెక్కపెట్టుకుంటోంది. చాప మీద బొత్తాం బుద్ధిగా, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలి గదిలోంచి గీసినట్టు సన్నటి చప్పుడు. అది ఏడుపని గుర్తుపట్టడానికి నాకే ఒక క్షణం పట్టింది. ఏడ్చి ఏడ్చి గొంతు అరిగిపోయింది. పాప మంచం కడ్డీలు పట్టుకుని నిలబడి ఉంది. ముఖమంతా ఎర్రగా కందిపోయి, కళ్ళు వాచిపోయి, నడుం కింద మొత్తం తడి. నన్ను చూసి ఏడవడం కూడా రాలేదు, ఎక్కిళ్ళు వచ్చాయి.

ఎత్తుకుని బయటికొచ్చాను. అత్తయ్య తలెత్తి, "ఇప్పుడే లేచిందా తల్లీ?" అంది.

అత్తయ్య పాప ముఖం చూసింది. కుక్కను చూసింది. మళ్ళీ పాపను చూసింది. తర్వాత సాక్సు తీసుకుని, శుభ్రంగా అల్లిన నాలుగు వరసలు విప్పేసింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో బడిలో పంతులమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు. ఆ రోజు ఉదాహరణతో సహా అర్థమైంది.

మేడమ్‌కి ఫోన్ చేసి, రేపట్నుంచి రాలేనన్నాను. ఆవిడ మంచి మనిషే. "ఈ వారం నేనే ఎలాగో సర్దుకుంటాను. వచ్చే సోమవారం నువ్వు రాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాను, ఏమీ అనుకోకు" అంది. సెక్రటరీగారి పరీక్ష ఆదివారం. మేడమ్ గడువు సోమవారం. నా జాతకం రాసినవాడికి వారాల వరస బాగా తెలుసు.

రాత్రి మా ఆయనతో చెబితే, పాప కళ్ళు చూసి కూడా, "శిక్షణ పనిచేసిందన్నమాట" అన్నాడు. నా ముఖం చూసి వెంటనే, "అంటే, తప్పు శిక్షణ" అన్నాడు. తర్వాత లేచి, కార్డు మీద 'ఇతరములు' పక్కన పెట్టిన టిక్కు కొట్టేశాడు. ఆ మనిషి జీవితంలో ఒక టిక్కు వెనక్కి తీసుకోవడం నేను చూసింది అదొక్కటే.

మర్నాడు కుక్కకు టీకా వేయించాల్సి ఉంది. పాపను చంకన వేసుకుని, దాన్ని సంచిలో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. పశువుల డాక్టరు దగ్గర ఒక కాంపౌండరక్క ఉంటుంది. డాక్టరు సంతకం పెడతాడు, వైద్యం ఆవిడ చేస్తుంది. సంచిలోంచి తీయగానే బొత్తాం ఆవిడకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

"అబ్బో, పెద్దమనిషి! ఇంకా ఏం నేర్పారు?"

"కూర్చోవడం అక్కా. లైటు ఆర్పడం ఇంకా రాలేదు."

"నీకసలు ఏం కావాలి? ఒక్కటి చెప్పు."

"పాప ఏడిస్తే మా అత్తయ్యకు తెలియాలి. కింద సెక్రటరీగారికి తెలియకూడదు."

ఆవిడ సూది పక్కనపెట్టి నన్ను చూసింది. "ఇంత తక్కువ కోరినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను చెల్లీ. మొన్న ఒకాయన ఇంతే కుక్కను తెచ్చి, దొంగల్ని పట్టేలా తయారుచెయ్యమన్నాడు. దొంగ దీన్ని చూసి నవ్వి నవ్వి పడిపోతే అప్పుడు పట్టుకోండి బాబూ అన్నాను."

జరిగిందంతా చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను కూడా. ఆవిడ ఓదార్చలేదు. కుక్క చర్మం పట్టుకుని సూది గుచ్చింది. బొత్తాం కుయ్యిమంది. పాప నవ్వింది.

"కుక్కకి ఒక పని మాన్పించి ఊరుకుంటే అది ఖాళీగా కూర్చుంటుంది. దాని బదులు ఇంకో పని ఇవ్వాలి. కాలు ఇవ్వడం వచ్చుగా? ఆ కాలు తీసుకెళ్ళి మీ అత్తగారి మోకాలి మీద వెయ్యాలి. పాప ఏడిస్తే, కాలు. కాలు వేస్తే, బిస్కెట్. అంతే."

"ఆదివారానికి వచ్చేస్తుందా అక్కా?"

"పదిసార్లలో ఆరుసార్లు వస్తుంది. మూడుసార్లు ఊరికే వేస్తుంది, బిస్కెట్ కోసం. ఒకసారి నిద్రపోతుంది."

"ఆరేనా?" అన్నాను.

"బడిలో నీకెన్ని వచ్చేవి?"

బొత్తాంని ఎత్తి సంచిలో కూర్చోబెట్టాను.

"ఇంకో మాట," అంది సంచి మూసి ఇస్తూ. "కాలేసినా పెద్దావిడ లేవకపోతే అది మొరుగుతుంది. అది మాత్రం మాన్పించకండి. మాన్పించబట్టే ఇక్కడికొచ్చి ఏడుస్తున్నావు. అది కుక్కమ్మా. వెండి గంట కాదు, మోగమన్నప్పుడు మోగి, ఊరుకోమన్నప్పుడు ఊరుకోవడానికి."

ఇంటికి రాగానే అసలు చిక్కు మొదలైంది. కుక్కకు నేర్పడానికి అత్తయ్య కావాలి. అత్తయ్యకు ఎందుకో చెప్పకూడదు. వినపడనివాళ్ళ కోసం చేసే పనిని, చెవులు లక్షణంగా ఉన్న మనిషి చేత చేయించాలి. చివరికి బిస్కెట్ డబ్బాని తీసుకెళ్ళి పాప గదిలో కిటికీ గూట్లో పెట్టాను. అత్తయ్య పక్కన కూర్చుని గట్టిగా చెప్పాను. "అత్తయ్యా, ఇది కొత్త ఆట. మోకాలి మీద కాలేస్తే మీరు లేచి, పాప గదిలోకి వెళ్ళి, డబ్బాలోంచి బిస్కెట్ తీసి పెట్టాలి."

"బిస్కెట్లు పడుకునే గదిలో ఎందుకే?"

"ఇక్కడైతే చీమలు పడుతున్నాయి."

"అక్కడికి రాకూడదని చీమలకు ఉత్తరం రాశారా?" అంది. అని, నన్ను కాస్త ఎక్కువసేపే చూసింది. ఆవిడకి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. మధ్యలో డబ్బా ఒకటి పెట్టుకుని ఇద్దరం పరువుగా ఉన్నాం.

పాపను పదేపదే ఏడిపించలేం కదా. కాబట్టి సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, మా ఆయనే ఏడ్చాడు. ముప్పైరెండేళ్ళ మనిషి, పాప మంచం పక్కన నేలమీద బోర్లా పడుకుని, "ఉంగా, ఉంగా" అని ఏడుపు. మొదటిరోజు బొత్తాం కంగారుపడి వెళ్ళి ఆయన ముఖమంతా నాకింది. రెండోరోజు అరగంట ఏడ్చాక ఎదురింటావిడ తలుపు కొట్టి, "అంతా క్షేమమేనా? మగమనిషి ఏడుపు వినపడితేనూ..." అంది.

"కుక్కకి శిక్షణ ఇస్తున్నామండీ," అన్నాను.

ఆవిడ లోపలికి తొంగిచూసి, నేలమీది మా ఆయన్ని చూసి, "ఇంకా ఎన్నిరోజులు పడుతుంది పాపం?" అంది. అడిగింది కుక్క గురించి కాదని నా అనుమానం.

నేను ముందుగదిలో కుక్క కాలు పట్టుకుని అత్తయ్య మోకాలి మీద పెట్టేదాన్ని. ఆవిడ లేచేది. వెళ్ళేది. బిస్కెట్ ఇచ్చేది. "ఇంత గాడిదలా ఏడవకురా, పాప కూడా ఇలా ఏడవదు," అని కొడుకును తిట్టి వచ్చేది. మూడోరోజుకి నా చెయ్యి అక్కర్లేకుండానే కాలు లేచింది. గురువారం నిజంగా పాప ఏడిస్తే, నేను వంటింటి తలుపు వెనక నిలబడి చూశాను. బొత్తాం చెవులు నిక్కబొడిచి, చాప వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, అత్తయ్య మోకాలి మీద కాలేసింది. అత్తయ్య లేచి వెళ్ళి పాపను ఎత్తుకుంది. కుక్కకు బిస్కెట్ ఇవ్వడం మర్చిపోయింది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

ఇక శుక్రవారం నుంచి బొత్తాంకి ఈ వ్యాపారంలో కిటుకు తెలిసిపోయింది. ఏడుపూ లేదు, ఏమీ లేదు, కాలు. అత్తయ్య కూర్చుంటే కాలు. టీ కప్పు ఎత్తితే కాలు. శనివారం ఒక్కరోజే ఆవిడ పాప గదికి పదిహేడుసార్లు వెళ్ళింది. "నా మోకాళ్ళు అరగదీయడానికి పెంచుతున్నారా దీన్ని?" అంది. అయినా ప్రతిసారీ లేచింది. పడుకున్న పాపను చూసి, దుప్పటి సర్ది, బిస్కెట్ ఇచ్చి వచ్చింది. తప్పుగా పిలిస్తే ఏమైంది, పిలవాల్సినప్పుడు పిలవకపోవడం కంటే నయమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని, గోళ్ళు కొరుక్కున్నాను.

ఆదివారం పన్నెండింటికి సెక్రటరీగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుస్తకం, పెన్ను పట్టుకుని వచ్చారు. కాలింగ్ బెల్ మోగింది. బొత్తాం మొరిగింది. రాసుకున్నారు.

"అది పలకరింపండీ," అన్నాడు మా ఆయన.

బొత్తాం వెళ్ళి ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ఆయన దాని కాలు రెండువేళ్ళతో పట్టుకుని వదిలేసి, ఆ వేళ్ళు రుమాలుతో తుడుచుకున్నారు. అదీ రాసుకున్నారేమో తెలియదు. సోఫాలో కూర్చుని, "మీరు మీ పనులు చూసుకోండి. నేను అరగంట గమనిస్తాను," అన్నారు. ఆయన అలా గమనిస్తుంటే మా పనులేమిటో మాకే గుర్తురాలేదు. మా ఆయన ఒక స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, బిగుతుగా ఉన్న తలుపు గడియనే మళ్ళీ బిగించాడు. అత్తయ్య మాత్రం సెక్రటరీగారి పక్కనే కూర్చుని సాక్సు అల్లుకుంటోంది.

"చూడండి పెద్దమ్మగారూ, శాంతి అనేది భవనానికి ప్రాణం," అని ఆయన మొదలుపెట్టారు. పూర్వం ఏదో ఆఫీసులో అధికారిగా చేశారు. ఉద్యోగం నుంచి దిగారు గానీ ఉపన్యాసం నుంచి దిగలేదు. పావుగంట అయ్యింది. అత్తయ్య తలూపుతూనే ఉంది.

లోపల పాప లేచింది. మొదట చిన్నగా, తర్వాత నిండుగా ఏడుపు. నేను కదలబోతే మా ఆయన కళ్ళతోనే ఆగమన్నాడు. బొత్తాం లేచింది. చాప వైపు చూసింది. దేవుడా, చాప వద్దు అనుకున్నాను. అది అత్తయ్య దగ్గరికే వెళ్ళి మోకాలి మీద కాలేసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

అత్తయ్య లేవలేదు.

పొద్దున్నుంచీ పదిసార్లు ఉత్తుత్తికే లేచి ఉంది. పైగా పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో లేచి కుక్కకి బిస్కెట్ పెట్టడమేమిటని కాబోలు, కాలు పక్కకి తోసేసింది. బొత్తాం మళ్ళీ కాలేసింది. మళ్ళీ తోసింది. లోపల ఏడుపు పెరిగింది. సెక్రటరీగారు ఉపన్యాసం ఆపి, "పాప ఏడుస్తున్నట్టుందే," అన్నారు. అత్తయ్య దానికీ తలూపింది.

అప్పుడు బొత్తాం రెండడుగులు వెనక్కి వేసి, ఆవిడ ముఖంలోకి చూసి మొరిగింది. ఒకసారి. రెండుసార్లు. మూడోది సగంలో ఉండగా అత్తయ్య చేతిలో సూదులు ఆగిపోయాయి.

"ఇదిగో! ఇదే నేను రోజూ భరిస్తున్నది!" అంటూ సెక్రటరీగారు పెన్ను తీశారు. "శిక్షణ అంటే ఇదా? ఏ కారణమూ లేకుండా..."

నేను పాప గదిలోకి పరుగెత్తాను. ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన ఇంకా రాస్తున్నారు, మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అండీ, మా అమ్మకి..." అని మొదలుపెట్టి, మింగేశాడు. నేనూ నోరు తెరిచి మూసేశాను. ఒక్కమాట అంటే చాలు, కుక్క ఉంటుంది, నా పని ఉంటుంది. ఆ ఒక్కమాట అత్తయ్యది. నాది కాదు.

అత్తయ్య నా చంకలో పాపను చూసింది. తడిసిన చెంపలు చూసింది. సాక్సు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఏం రాస్తున్నారు బాబూ?" అంది.

"కారణం లేకుండా మొరిగిందని!" అన్నారాయన గొంతు పెంచి.

"కారణం ఉందని రాయండి. నాకు వినపడదు."

పాప నా భుజం మీద తల వాల్చింది.

"పసిపిల్ల పక్కగదిలో గుక్కపట్టి ఏడ్చినా నాకు వినపడదు. అందుకని అదొచ్చి చెబుతుంది. మర్యాదగా మోకాలు తట్టి చెప్పింది. నేనే లేవలేదు. తప్పు నాది, దానిది కాదు. రాశారా? మీరిందాక పావుగంట నుంచీ ఏదో చెబుతున్నారు. అందులో నాలుగు ముక్కలు అందాయేమో. వినపడకపోబట్టి సరిపోయింది గానీ, వినపడితే అంతసేపు కూర్చునేదాన్నా?"

మా ఆయన వెంటనే గడియ వైపు తిరిగి, దాన్ని మళ్ళీ బిగించాడు.

కుక్కను పంపించేస్తే రేపట్నుంచి పది నుంచి రెండింటిదాకా ఈ కుర్చీలో మీరొచ్చి కూర్చుంటారా అని అత్తయ్య అడిగింది. అది వెటకారం కాదు, నిజంగానే అడిగింది. సెక్రటరీగారు గబగబా కూర్చోనని తలూపారు. తర్వాత చాలాసేపు పెన్ను నమిలి, పుస్తకంలో రాసి, చదివి వినిపించారు. "ఇంటి అవసరము నిమిత్తము, పూటకు రెండు అరుపులకు మించకుండా, సదరు శునకమునకు అనుమతి."

"మూడు," అంది అత్తయ్య. ఆయన గట్టిగానే చదివారు మరి.

"రెండున్నర," అన్నారు సెక్రటరీగారు, అలవాటు కొద్దీ. అని, అదెలా కుదురుతుందో తెలియక, మూడే రాశారు. వెళ్తూ బొత్తాం చాపిన కాలును చూసీచూడనట్టు దాటుకుని వెళ్ళారు.

తలుపు వేశాక మా ఆయన వాళ్ళమ్మ పక్కకెళ్ళి, "అమ్మా, ఆ మిషన్ తీసుకురానా?" అని అరిచాడు.

"వినపడదన్నానని ఇంట్లో అందరూ ఇలా అరిస్తే ఊరుకోను. దాన్ని బీరువాలోనే ఉండనీ. ఈల వినడానికి నాకేం పోలీసు ఉద్యోగమా?" అంది. మళ్ళీ సూదులు తీసుకుంది.

అంటే ఏమీ మారలేదు. కుక్క పదిలో ఆరుసార్లు పిలుస్తుంది. మూడుసార్లు మోసం చేస్తుంది. ఒకసారి పడుకుంటుంది. ఆ ఒకసారి ఎప్పుడొస్తుందో తెలియక నేను దుకాణంలో ఎదుటివాళ్ళ కళ్ళజోళ్ళ మరలు తిప్పుతూ, రోజుకి రెండుసార్లు ఎదురింటావిడకి ఫోన్ చేసి, ఒకసారి తొంగిచూడమని బతిమాలుతాను. ఇంతకన్నా ఎక్కువ ఆశపడటానికి ధైర్యం లేదు, తక్కువకి ఒప్పుకోవడానికి మనసు లేదు.

ఆ ఆదివారం పాపకు బట్టలు మార్చుతుంటే అత్తయ్య వెనకనుంచి, "రేపు ఎన్నింటికి వెళ్తున్నావు?" అంది.

"పదింటికే అత్తయ్యా," అన్నాను, తల తిప్పకుండా.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు ఆవిడ "ఊఁ" అనేస్తుంది. ఏం చెప్పామో అందకపోయినా, అందినట్టే. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో నేను విన్న "ఊఁ"లలో సగం అలాంటివే.

"ఏమిటీ? అందలేదు," అంది అత్తయ్య.

పాపను ఎత్తుకుని వెళ్ళి, ఆవిడ పక్కన కూర్చుని, మళ్ళీ చెప్పాను.